తేలని దుఃఖం పక్కన కూర్చోవడం

యానాంలో జరిగిన తెలుగు సంఘాల కూడికలో చేసిన ప్రసంగ పాఠం



బరంపురం, గోపాలపూర్ వైపు నించి రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చినవాళ్ళున్నారు. చెన్నై నించి వచ్చినవాళ్ళున్నారు. ఇక్కడే గోదావరి గట్టున పుట్టి పెరిగిన యానాం వాళ్ళున్నారు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, ఆఫీసులో తమిళం మాట్లాడుకుంటూ తరాలు గడిపిన మనుషులం మనం. నాకు ఇచ్చిన అంశం గాయపడిన మనసుకి స్వస్థత. పెద్ద మాట అది. పెద్దగానే మాట్లాడితే గాలిలో కలిసిపోతుంది. అందుకని ఒక్క గాయం గురించే మాట్లాడతాను. సముద్రం మీదికి వేటకి వెళ్ళి తిరిగి రాని మనిషి గురించి, ఒడ్డున మిగిలిపోయిన ఆయన ఇంటి గురించి.

1996 నవంబరు 6. ఈ తేదీ చెప్పగానే ఈ గదిలో నలభై అయిదు దాటినవాళ్ళ ముఖాలు మారాయి, నాకు కనబడుతూనే ఉంది. ఆ రాత్రి తుపాను కాకినాడకి దక్షిణంగా తీరం దాటింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. కోనసీమలో లక్షల కొబ్బరి చెట్లు పడిపోయాయి. వేటలో ఉన్నవాళ్ళలో చాలామంది జాడ ఈనాటికీ లేదు.

శవం దొరికిన ఇంట్లో కనీసం ఏడుపు ఉంది. దొరకని ఇంట్లో ఏడవడానికీ వీల్లేదు. ఏడిస్తే పోయాడని ఒప్పుకున్నట్టు. ఏడవకపోతే రాతి గుండె అంటారు. తాళి తీస్తే అత్తగారు, "నా కొడుకు ఏ ఒడ్డునో పడి ఉంటాడు, నీకేం తొందరే?" అంటుంది. తీయకపోతే వీధి వీధంతా చెవులు కొరుక్కుంటుంది. సమాధి లేదు, సమాధుల పండగనాడు కొవ్వొత్తి పెట్టే చోటు లేదు. పిల్లాడు బడిలో తండ్రి పేరు రాసి, దాని ముందు "కీర్తిశేషులు" అని పెట్టాలా వద్దా అని తల్లిని అడుగుతాడు. ఆమె దగ్గర జవాబు ఉండదు.

పాలిన్ బాస్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలో, వియత్నాం యుద్ధంలో జాడ తెలియకుండా పోయిన సైనికుల కుటుంబాలతో పనిచేస్తూ ఈ రకం దుఃఖానికి ఒక పేరు పెట్టింది. తెలుగులో నేను దాన్ని తేలని దుఃఖం అంటాను. తేలడమంటే నీళ్ళ మీదికి రావడం. తేలడమంటే లెక్క కొలిక్కి రావడం. ఈ ఇళ్ళలో రెండూ జరగలేదు. ఆవిడ చెప్పిన దాంట్లో నాకు బాగా పనికొచ్చిన మాట ఒకటుంది. ఈ దుఃఖంలో చిక్కుకున్న మనిషిలో జబ్బు లేదు, చిక్కు పరిస్థితిలోనే ఉంది అంటుంది. దుఃఖానికి ముగింపు పలకాలన్న మాటనే ఆవిడ ఒప్పుకోదు. పోయాడేమో, పోలేదేమో అనే రెండు ఆలోచనలనీ ఒకే గుండెలో పెట్టుకుని బతకడం నేర్చుకోవచ్చు, అలా బతికేవాళ్ళని తొందరపెట్టకండి అంటుంది. మన వాళ్ళు ఓదార్పు పేరుతో చేసేది సరిగ్గా ఆ తొందరపెట్టడమే.

"నవంబరు వచ్చి గాలి తిరగ్గానే కడుపులో దేవినట్టు ఉంటుందండీ, ఎందుకో తెలీదు" అని ఒకామె నాతో అంది. టీవీలో వాయుగుండం అన్న మాట వినబడితే చేతులు వణుకుతాయి. రేకుల మీద వాన పడితే నిద్ర పట్టదు. ఇన్నేళ్ళ తరవాత కూడా. దీనికి దెయ్యం పట్టిందనో, విశ్వాసం సన్నగిల్లిందనో పేరు పెట్టకండి. ప్రాణం మీదికి వచ్చిన రాత్రిని ఒళ్ళు గుర్తుపెట్టుకుంటుంది. అలాంటి గుర్తు మళ్ళీ కనబడగానే హెచ్చరిస్తుంది. కాపలా కుక్కలాంటిది. దొంగ పోయి పాతికేళ్ళయినా ఆ గోడ దగ్గరికి వచ్చేసరికి మొరుగుతుంది. కుక్కని కొట్టి ప్రయోజనం లేదు. పక్కన కూర్చుని మచ్చిక చేసుకోవాలి.

మన సంఘాల్లో సాక్ష్యం అంటే గెలిచిన కథ. నేను పడ్డాను, ప్రార్థించాను, లేచాను. లేవనివాళ్ళకి మైకు ఇవ్వరు. కీర్తనల గ్రంథంలో సుమారు మూడో వంతు విలాపాలే. మన ఆదివారం పాటల పుస్తకం తిరగేసి అలాంటివి ఎన్ని ఉన్నాయో ఎవరైనా లెక్కపెట్టి చెప్పండి. బైబిల్లో అంత చోటు ఇచ్చిన ఏడుపుకి మన ఆరాధనలో అయిదు నిమిషాలు కూడా ఎందుకు లేదో దైవజనులు ఆలోచించాలి.

రెండవ సమూయేలు 21వ అధ్యాయంలో రిస్పా ఉంది. మన ప్రసంగాల్లో ఆమె పేరు దాదాపు వినబడదు. సౌలు ఉపపత్ని. రాజకీయ లెక్కలు సరిచేయడానికి ఆమె ఇద్దరు కొడుకుల్నీ, సౌలు మనుమలు అయిదుగురినీ అప్పగించి చంపించారు. శవాలు కొండ మీదే ఉండిపోయాయి. ఆమె గోనెపట్ట తీసుకెళ్ళి రాతి మీద పరుచుకుని కూర్చుంది. యవల కోత మొదలైన దగ్గర్నించి వాన పడేదాకా. పగలు పక్షుల్ని, రాత్రి మృగాల్ని శవాల దగ్గరికి రానివ్వలేదు. ఒక్క మాట కూడా మాట్లాడినట్టు రాసి లేదు. ఆ సంగతి దావీదుకి తెలిసింది. అప్పుడు కదిలాడు రాజు. సౌలు ఎముకలు, యోనాతాను ఎముకలు తెప్పించి, వీళ్ళ ఎముకలు కూడా పోగుచేయించి పాతిపెట్టించాడు. ఒక తల్లి దుఃఖం నలుగురి కళ్ళముందు ఉండబట్టి రాజు ఒక పని చేయవలసి వచ్చింది. ఆమెని ఎవరైనా చెయ్యి పట్టుకుని, "ఇంటికి రామ్మా, అంతా దేవుడి చిత్తం" అని లేపేసి ఉంటే ఆ ఎముకలు అక్కడే ఉండేవి. రిస్పా పక్కన ఎవరైనా కూర్చున్నారా అన్నది మాత్రం నన్ను వదలని ప్రశ్న. నెలల తరబడి అన్నం ఎవరు పెట్టారు? నీళ్ళు ఎవరు తెచ్చారు? గ్రంథం చెప్పలేదు. ఆ ఖాళీలో మనం ఉండాలని నా కోరిక.

ఇక ఆత్మపరిశీలన. ఈ మాట వినగానే మన వాళ్ళు పాపాల చిట్టా తీస్తారు. నేనేం పాపం చేశాను, నా ఇంటికే ఎందుకొచ్చింది? దానికంటే బరువైనది ఇంకొకటుంది. ఆ రోజు నేనే పంపాను. బియ్యం లేవని గొడవ పెట్టాను. ఒంట్లో బాగాలేదంటే నమ్మలేదు. ఇలాంటి మాటని ఇరవై ఏళ్ళు గొంతులో ఉంచుకున్న అక్కలు ఉన్నారు. ఇక్కడ పరిశీలన అంటే, నా చేతిలో ఉన్నదేది, లేనిదేది అని వేరుచేయడం. బియ్యం తవుడు వేరుచేసినట్టు.

ఆ వేరుచేయడానికి నిజాలు కావాలి, ఓదార్పు చాలదు. 1999 అక్టోబరు 29న ఒడిశాలో మహా తుపానుకి సుమారు పదివేల మంది చనిపోయారు. 2013 అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గర ఫైలిన్ తీరం దాటింది. అదీ భయంకరమైన తుపానే. చనిపోయినవాళ్ళు పదుల్లోనే ఉన్నారు. మధ్యలో ఏం మారింది? దేవుడి చిత్తం మారిందా? హెచ్చరిక ముందే వచ్చింది, షెల్టర్లు కట్టారు, సుమారు 10 లక్షల మందిని ఖాళీ చేయించారు. అంటే అమ్మా, 1996లో ఆయన్ని పంపింది నువ్వు కావచ్చు గాని, ఆ కబురు పడవ దాకా చేరకపోవడం నీ చేతిలో లేనిది. సెల్‌ఫోను లేని రోజులు, ఒడ్డు నించి నడిసముద్రానికి కబురు వెళ్ళే దారి లేని రోజులు. ఆ తప్పులో నీ వాటా ఎంతో అంతే మోయి, ఏలుబడి చేసినవాళ్ళ వాటా నువ్వు మోయకు. ఈ లెక్క నిదానంగా, ఎన్నోసార్లు, నమ్మకమైన మనిషి ఎదురుగా కూర్చుని చేసుకోవాలి. ఒక్క కూర్చోడంలో తెమలదు.

రాయడం వచ్చినవాళ్ళు రోజూ నాలుగు ముక్కలు రాసుకుంటే మంచిది. రానివాళ్ళు వల అల్లుతూ, చేప ఎండబెడుతూ తమలో తాము మాట్లాడుకోవచ్చు. చేతులు ఆడుతుంటే మనసు నెమ్మదిస్తుందని మన ఆడవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. మరీ లోపలికి పోయి ఊపిరాడనట్టు అయితే ఆ పూటకి ఆపేయాలి. కాళ్ళు నేలకి ఆనించి, చుట్టూ కనబడే అయిదు వస్తువుల పేర్లు పైకి చెప్పుకోవాలి. బిందె, తాడు, కోడి, గుమ్మం, మందారం. పిల్లల ఆటలా ఉంటుంది గాని, ఆ రాత్రిలోంచి ఈ పగటిలోకి రావడానికి అది మెట్టు. ఏలీయా బదరీ వృక్షం కింద చావు కోరుకుంటూ పడుకున్నప్పుడు దూత ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చి, రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. మళ్ళీ నిద్రపోనిచ్చి మళ్ళీ ఇచ్చాడు. ప్రశ్న హోరేబులో వచ్చింది, తరవాతెప్పుడో.

ప్రకృతి గురించి చెప్పమన్నారు. ఇక్కడ నాకు కొంచెం చిరాకు ఉంది. ప్రకృతి ఒడిలో సేదతీరండి, సముద్రం ఒడ్డున కూర్చుంటే మనసు తేలికవుతుంది అని పట్నంలో వాళ్ళు చెప్పే మాటలు వింటుంటాను. ఎవరి మనసు? మొగుణ్ణి మింగిన సముద్రం ఎదురుగా కూర్చుంటే ఆమె మనసు తేలికవుతుందా? పూరీ దగ్గర పెంటకోటలో మన తెలుగు వేటగాళ్ళ ఇళ్ళ మీదుగా 2019 మే 3న ఫణి పోయింది. వాళ్ళని ఒడ్డున ధ్యానం చేయమంటారా? మన వాళ్ళకి ప్రకృతి బొమ్మ కాదు. అన్నం పెట్టిందీ అదే, కడుపు కోసిందీ అదే. ఆ రెండో మాట దాచిపెట్టి మొదటి మాట చెబితే వాళ్ళు నమ్మరు.

అయినా దారి ఉంది, అది పని గుండా ఉంది. 1996 తరవాత ఈ చుట్టుపక్కల జనం మళ్ళీ కొబ్బరి మొక్కలు పెట్టారు. నాటు కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు. అన్నాళ్ళు నీళ్ళు పోసి, కంప కట్టి, మేకల్ని అదిలించిన చేతులకి ఏదో జరిగింది. ఏం జరిగిందని అడిగితే వాళ్ళు చెప్పలేరు. "ఏదో, పొద్దున్నే లేవడానికి ఒక పని ఉండేది" అంటారు. అంత చాలు. కోరంగి మడ అడవి చూడండి. గోదావరి మడల్లో చెట్టు పోయి నేల ఉప్పు పట్టిన చోట చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటు నీళ్ళు లోపలికి రానిచ్చి, మడ మొక్కలు పెంచారు. స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్ళు ఊళ్ళ వాళ్ళతో కలిసి చేసిన పని ఇది. నీళ్ళు వచ్చి పోవాలి. వచ్చి ఆగిపోయినా మొక్క చస్తుంది, రాకపోయినా చస్తుంది. దుఃఖానికి కూడా అంతే అనబోయాను, మరీ ప్రసంగంలా ఉంటుందని ఆగుతున్నాను. మొక్క నాటినామె అలల పోటుకి అడ్డుగోడ కడుతోంది. వచ్చే తుపానుకి తన మనవడి ఇల్లు కొంచెం లోపలగా, కొంచెం భద్రంగా ఉంటుంది. సముద్రానికి ఇన్నాళ్ళకి ఆమె ఇచ్చిన జవాబు అది.

సముద్రం దగ్గరికే వెళ్ళాలనిపించినవాళ్ళు వెళ్ళవచ్చు. ఒంటరిగా వద్దు. పోటు మీద వద్దు, పాటు సమయంలో, పగలు, ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని, పది నిమిషాలు. ఆమె వెనక్కి పోదాం అంటే వెంటనే వెనక్కి రావాలి. "ధైర్యం తెచ్చుకో" అని రెక్క పట్టుకుని నీళ్ళలోకి దింపడం ధైర్యం చెప్పడం కాదు.

ఇక చుట్టూ ఉన్నవాళ్ళ సంగతి. యోబు స్నేహితులు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నేల మీద నోరు మూసుకుని కూర్చున్నంతసేపు మంచి స్నేహితులే. నోరు తెరిచాక చెడ్డారు. 1999 తుపాను తరవాత ఒడిశాలో, 2004 డిసెంబరు 26 సునామీ తరవాత తమిళనాడులో బెంగళూరు నిమ్‌హాన్స్ వాళ్ళు చేసిన పని గుర్తుచేస్తాను. అన్ని వేల ఇళ్ళకి డాక్టర్లు ఎక్కణ్ణించి వస్తారు? ఊళ్ళలో పనిచేసే మామూలు మనుషులకే తర్ఫీదు ఇచ్చారు. ఇంటికి వెళ్ళడం, వినడం, కావలసిన సాయం ఎక్కడుందో అక్కడికి చేర్చడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో వేసిన మార్గదర్శకం కూడా ఇంచుమించు ఈ మూడే చెబుతుంది. చూడు, విను, కలుపు. ఇంకొక హెచ్చరిక కూడా ఉంది. జరిగిందంతా మొదటి రోజునే పూసగుచ్చినట్టు చెప్పించకూడదు. చెప్పేస్తే బరువు దిగిపోతుందని అనుకుంటాం. బలవంతాన చెప్పిస్తే కొందరికి గాయం మళ్ళీ రేగుతుంది. చెప్పాలనుకున్నప్పుడు చెబుతుంది. అంతవరకూ ఆమె పక్కన చేపలు శుభ్రం చేయండి.

భాష సంగతి కూడా మరవకూడదు. గోపాలపూర్‌లో మనామె ఒడియా చక్కగా మాట్లాడుతుంది, బేరం ఆడుతుంది, పోట్లాడుతుంది. ఏడుపు మాత్రం తెలుగులోనే వస్తుంది. సాయానికి వచ్చినవాళ్ళకి ఆ తెలుగు రాదు. ఆమె రెండు మాటల్లో "బాగానే ఉన్నాను" అని పంపేస్తుంది. మన తెలుగు సంఘాలు ఆ ఊళ్ళలో తరాలుగా ఉన్నందుకు చేయగల పని ఇది, వేరెవరూ చేయలేనిది. ఫోను మీద అయితే టెలి మానస్ ఉంది, 14416. 2022 అక్టోబరులో మొదలైంది, ఖర్చు లేదు, రాత్రయినా పగలైనా ఎత్తుతారు, తెలుగు అడిగి మాట్లాడవచ్చు. వారాల తరబడి నిద్ర లేకపోయినా, తాగుడు పెరిగిపోయినా, చచ్చిపోవాలని ఉందన్న మాట ఒక్కసారి నోట వచ్చినా, ఉపవాస కూడిక అయ్యేదాకా ఆగకండి. ప్రార్థన చేస్తూనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. మగవాళ్ళని మరీ గమనించండి. తండ్రి పడవ మీద పోయాక పన్నెండేళ్ళకే వల పట్టిన కుర్రవాళ్ళు ఇప్పుడు నలభైల్లో ఉన్నారు. వాళ్ళని ఎవరూ ఏమీ అడగలేదు.

చివరిగా కాగితం. దీన్ని చివర పెట్టాను గాని చిన్నది కాదు. శవం లేకపోతే మరణ ధ్రువపత్రం లేదు. ధ్రువపత్రం లేకపోతే పరిహారం లేదు, పింఛను లేదు, బ్యాంకులో డబ్బు రాదు, పట్టా మారదు. పడవ మీద అప్పు మాత్రం ఉంటుంది. అప్పిచ్చినవాడు శవం చూపించమని అడగడు. ఏడేళ్ళపాటు కబురు అందవలసిన వాళ్ళకి అందకపోతే ఆ మనిషి లేనట్టు భావించవచ్చని చట్టం. పాత సాక్ష్య చట్టంలో 108వ సెక్షన్, 2024 జూలై 1 నించి అమలైన భారతీయ సాక్ష్య అధినియంలో 111వ సెక్షన్. ఏడేళ్ళు పిల్లలు ఏం తిని బతకాలి? 2013 ఉత్తరాఖండ్ వరదల తరవాత, 2021లో చమోలీ విపత్తు తరవాత ఏడేళ్ళు ఆగకుండానే విచారణ జరిపి ధ్రువపత్రాలు ఇచ్చే పద్ధతి పెట్టారు. తలుచుకుంటే అవుతుందన్నమాట. సముద్రం మీద పోయినవాళ్ళకి కూడా ప్రతిసారీ అలాగే జరగాలని మనం అడగాలి.

యానాం వాళ్ళకి ఇందులో ఇంకో మెలిక. మనది పుదుచ్చేరి, ఏటికి అవతల ఆంధ్ర. ఒకే పడవ మీద వెళ్ళిన ఇద్దరి ఇళ్ళు రెండు ప్రభుత్వాల గుమ్మాలు ఎక్కవలసిన చోటు ఇది. పై ఆఫీసు 800 కిలోమీటర్ల పైన. చదువురాని అక్క ఆ కాగితాల సంచి పట్టుకుని ఒక్కతే తిరుగుతుంటే, ఆదివారం మనం స్వస్థత గురించి పాడుతుంటే, ఆ పాట ఆమెకి ఎలా వినబడుతుందో మీరే చెప్పండి. ఆమెతోపాటు బస్సెక్కి, క్యూలో నిలబడి, అర్జీ నింపి, రసీదు తీసుకోవడం కూడా వైద్యమే. ధ్రువపత్రం చేతికి వచ్చిన రోజున కొందరు మొదటిసారి బావురుమని ఏడుస్తారు. ఆ ఏడుపుకి సిద్ధంగా ఉండండి, ఆ రోజు ఆమెని ఒంటరిగా ఇంటికి పంపకండి. కొందరు ఆ కాగితం అసలు వద్దంటారు. తీసుకుంటే ఆయన్ని తామే చంపినట్టు ఉంటుందంటారు. వాళ్ళనీ బలవంతపెట్టకండి. కాగితం ప్రభుత్వానికే, నీ ఆశ నీ దగ్గరే ఉంచుకో అమ్మా అని చెప్పవచ్చు.

ఈ నవంబరు 6 రాకముందే మూడు పనులు చేద్దామని నా మనవి. ప్రతి సంఘం నించి ఇద్దరు ఆడవాళ్ళు, ఒక మగమనిషి వినడం నేర్చుకోవడానికి పేర్లు ఇవ్వండి, బాగా మాట్లాడేవాళ్ళు వద్దు. కాగితాలు లేని ఇళ్ళ జాబితా వీధి వీధికీ తిరిగి రాయండి, 1996వే కాదు, తరవాత పోయినవీ. ఆ రోజు సాయంత్రం రేవు దగ్గర పేర్లు చదువుదాం. మన సంఘం కానివాళ్ళ పేర్లు కూడా. ప్రసంగం ఉండదు, చందా ఉండదు. పేరు చదివినప్పుడు ఆ ఇంటివాళ్ళు నిలబడాలనుకుంటే నిలబడతారు.

నా సమయం అయిపోయింది. వెనక వరసలో ఉన్న అమ్మలు ఇందాకటి నించి ఏదో అనుకుంటున్నారు. ముందు వాళ్ళు మాట్లాడతారు. పాస్టరు గార్లు దయచేసి ఆ తరవాత.